అల్లావుద్దీను ఆట – కర్తృత్వవిచారము

కామారెడ్డి, ఎల్లారెడ్డి యను పట్టణముల పేళ్లు దోమకొండ సంస్థానము నేలిన కామినేనివారి వంశములోని పురుషుల పేళ్లనుబట్టి వచ్చినవని ప్రతీతి. ఆ వంశముననే పుట్టి కుతుబ్‌షాహీల కాలమున వర్ధిల్లిన కామినేని మల్లారెడ్డి రాజును, కవియును. షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము ఆయన కృతులు. పురాణములందు వేఱువేఱు చోట్ల నున్న కథలను దెచ్చి తెలుఁగు కావ్యముగాఁ గూర్చుట యాయన పూనిన పని. కథ యొక రూపమునుండి వేఱొక రూపమునకు మాఱునపుడు నిలుచునది యేది, జాఱునది యేది యను విచారమునకు ఇట్టి కృతులు మంచి యాకరములు.

ఆ విచారమునే నేఁటి పిల్లల వినోదమగు వీడియో గేమ్ విషయమునఁ జేయుట యీ వ్యాసమున కుద్దేశము. ఉదాహరణముగా గ్రహింపఁబడినది 1992లో వెలువడిన యొక బొమ్మల సినిమానుండి 1993లో నిర్మింపఁబడిన అల్లావుద్దీన్ ఆట. ఆ జాతి ఆటలలో నిది మిక్కిలి ప్రసిద్ధము. కథ ఆటగా మాఱునపుడు నాయకుని క్రియలన్నియుఁ బ్రేరణార్థకము లగుననియు, అందువలనఁ జేతితోఁ జేయింపఁదగిన పనులే మిగిలి తక్కినవి జాఱిపోవుననియు నిరూపించుట యిచటి ప్రతిజ్ఞ.

పూర్వపక్షము

వీడియో గేమ్ సాహిత్యపరిశోధనకు విషయము కానేరదని కొందఱందురు. వారి వాదమిది: ఆట వేఱు, కథ వేఱు, ఆటలో గెలుపోటములు కలవు గాని రసము లేదు, బాలురు కాలక్షేపమునకు మీటలు నొక్కుటకును, కావ్యమునకును సంబంధ మేమి?

తెలుఁగుభాషయే దీనికి సమాధానము చెప్పుచున్నది. ‘ఆడు’ ధాతువు చెండాడుటకును, నాట్యమాడుటకును, మాటలాడుటకును సమానము. తోలుబొమ్మలను చూపి రామాయణము చెప్పుట ‘బొమ్మలాట’. సినిమాశాలలో ప్రదర్శనము ‘మొదటి ఆట’, ‘రెండవ ఆట’ యనియే వ్యవహారము. కామారెడ్డి బజారులో ‘ఆట మొదలైనదా’ యని యడిగిన, అడిగినది సినిమాను గూర్చియో, కబడ్డీని గూర్చియో సందర్భమునుబట్టి తెలిసికొనవలయును. కథాప్రదర్శనమును, క్రీడను ఒక్క మాటతోఁ జెప్పు జాతికి ఈ రెంటి సంబంధము విచారింపఁదగనిది కాఁజాలదు. సంస్కృతమున సైతము ‘దేవ’ శబ్దమునకు మూలమగు ‘దివ్’ ధాతువునకు ధాతుపాఠము చెప్పిన పదియర్థములలో మొదటిది క్రీడయే. జూదమునకుఁ బేరగు ‘ద్యూతము’ నా ధాతువునుండియే పుట్టినది.

కథామూలము

అల్లావుద్దీను కథ అరబ్బుల వేయిన్నొక్క రాత్రుల సంపుటములోని దని లోకమున వాడుక. దాని ప్రాచీన వ్రాఁతప్రతులలో నీ కథ లేదు. ఆంటోయిన్ గలాఁ అను ఫ్రెంచి పండితుఁడు ఆ కథలను 1704 మొదలు తన భాషలోనికిఁ దెచ్చుచు, 1709లో పారిస్ నగరమున అలెప్పోవాసియగు హన్నా దియాబ్ అను యువకునివలన నీ కథ విని, 1712లో వెలువడిన సంపుటములలోఁ జేర్చెను. అనఁగా నిది లిఖితగ్రంథమునుండి కాక నోటిమాటనుండి గ్రంథమునకు వచ్చినది. పుట్టుకనుండియే యీ కథ రూపాంతరముల కలవాటుపడినది.

గలాఁ కథలో నల్లావుద్దీను చీనాదేశపు దర్జీ కొడుకు. అతనికి ఉంగరములో నొక భూతమును, దీపములో నొక భూతమును వశమగును; కోరికలకు లెక్క లేదు. తెలుఁగువారికి ఈ కథ పిల్లల పుస్తకములవలనను, అక్కినేని నాగేశ్వరరావు నటించిన 1957 నాఁటి ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ సినిమావలనను సుపరిచితము. అమెరికాలోని డిస్నీ సంస్థవారు 1992 నవంబరులో విడుదల చేసిన బొమ్మల సినిమాకు జాన్ మస్కర్, రాన్ క్లెమెంట్స్ అనువారు దర్శకులు. అందు చీనాకు బదులు అగ్రబా యను కల్పితనగరము వచ్చెను. ఉంగరభూతము పోయెను. కోరికలు మూఁడే యను నియమ మేర్పడెను. 2019లో అదే సంస్థ నటులతోఁ దీసిన సినిమా తెలుఁగులోనికి అనువదింపఁబడినపుడు దీపభూతమునకు వెంకటేశ్, అల్లావుద్దీనునకు వరుణ్ తేజ్ గొంతు నిచ్చిరి.

ఆటయొక్క స్వరూపము

ఈ జాతి ఆటకు ‘ప్లాట్‌ఫార్మ్ గేమ్’ అని పేరు. రైలుస్టేషనులోని ప్లాట్‌ఫార్మ్ కామారెడ్డివారికిఁ గ్రొత్త కాదు. ఇచట నా మాటకు అరుగు, తిన్నె, గట్టు అని యర్థము. తెరపై నెత్తుపల్లములుగా నరుగు లుండును. నాయకుఁడు ఒక యరుగునుండి వేఱొక యరుగునకు దుముకుచు, నడుమ నెదురగు శత్రువులను దప్పించుకొనుచు లేక కొట్టుచు, చివరి కట్టడమువఱకుఁ బోవలెను. ఆడువాఁడు చేతిలోని రిమోట్ మీటల నొక్కినకొలఁది తెరపైని బొమ్మ నడచును, దుముకును, కత్తి త్రిప్పును.

నాయకుఁడు ముందునకుఁ బోవుకొలఁది వెనుకనున్న దృశ్యము ప్రక్కకు జరుగుచుండును. తెలంగాణమున దీనికి దగ్గఱి దృష్టాంతము చేర్యాల నకాషీ పటము. పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పు కూనపులివారు పొడవైన పటమును కొంచెము కొంచెముగా విప్పుచు కథ నడపుదురు; విప్పిన మేరకే కథ కనఁబడును. ఆటతెరయు నట్టి పటమే. భేదము రెండు విధములు: ఆ పటము నిలువుగా విచ్చును, ఇది యడ్డముగా విచ్చును, ఆ పటమును విప్పువాఁడు కథకుఁడు, ఈ పటమును విప్పువాఁడు ఆడు బాలుఁడు.

అల్లావుద్దీను ఆట ఒక్కటి కాదు. ఒకే సినిమానుండి యొకే సంవత్సరమున రెండు ముఖ్యపాఠములు వెలువడెను. జపానుదేశపు సేగా సంస్థవారి మెగాడ్రైవ్ యంత్రమునకు వర్జిన్ గేమ్స్ సంస్థ నిర్మించినది యొకటి. దీనికి డేవిడ్ పెర్రీ ముఖ్యకార్యకర్త. నింటెండో సంస్థవారి 16 బిట్ యంత్రమునకు క్యాప్‌కామ్ సంస్థ నిర్మించినది రెండవది. దీని రూపకల్పన షింజీ మికామిది. మొదటిదానిలో నాయకుఁడు కత్తి పట్టును, ఆపిలుపండ్లు విసరును. రెండవదానిలోఁ గత్తి లేదు. శత్రువుల తలపై దుముకుటయు, ఆపిలుపండ్లు విసరుటయుఁ గలవు. సినిమాలోని అల్లావుద్దీను కత్తివీరుఁడు కాఁడు. ఆఁకలికి రొట్టె దొంగిలించి పరుగెత్తు వీథిబాలుఁడు. ఇది గమనింపఁదగిన పాఠభేదము. చిన్న యంత్రములకు వేఱు పాఠములును, అనుమతి లేకుండఁ దైవానులోఁ దయారైన ప్రతులును వచ్చినవి. ఈ వ్యాసమున విశేషించి చెప్పని చోట మెగాడ్రైవ్ పాఠమే గ్రాహ్యము.

ఈ పాఠమునకుఁ గీర్తి తెచ్చినది దాని చిత్రరచన. డిస్నీ చిత్రకారులే ఆటకై బొమ్మలను కాగితముపైఁ జేతితో గీయఁగా, వానిని యంత్రములోనికెక్కించిరి. అందుచే నాయకుని నడకయందును, దుమికి దిగునపుడు మోఁకాళ్లు వంచుటయందును సినిమాబొమ్మల జీవకళ కనఁబడును. అంగడివీథిలో కావలివాఁడు దెబ్బ తినఁగా వాని లాగు జాఱిపోవును. ఒంటెపై దుమికినచో నది ఉమ్ము వేయును. ఇట్టి హాస్యము సినిమాచిత్రకారుల చేతిచలువ. అయినను యంత్రమునకు హద్దులు కలవు. సినిమాలో నిమేషమాత్రమున నెన్ని రంగులైనను రావచ్చును. మెగాడ్రైవ్ 512 రంగులలో నొక్కమాఱు 64 మాత్రమే తెరపై నుంచఁగలదు. ఆట యంతయు, బొమ్మలు, సంగీతము, నియమములు కలిసి, 16 మెగాబిట్లలో నిమిడిన యొక క్యాసెట్టు. రోమను అక్షరమునకు ఒక స్థానము చొప్పునఁ జూచిన నది 20 లక్షల అక్షరములకుఁ గొంచెము మించును. ఈ ఆట సుమారు 40 లక్షల ప్రతు లమ్ముడుపోయెను.

భారతదేశమున మెగాడ్రైవ్‌ను షా వాలెస్ సంస్థ 1995లో అమ్మకమునకుఁ దెచ్చెను గాని, అది సంపన్నుల యిండ్లు దాఁటి విస్తరింపలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణములకుఁ జేరఁగలిగినవి ప్రాయికముగా నింటెండోవారి పాత 8 బిట్ యంత్రమునకు అనుకరణములగు చవుక ‘టీవీ గేములు’. పసుపుపచ్చ క్యాసెట్టులో నెన్నో ఆటలు చేర్చి యమ్ముట యా కాలపు వాడుక. తరువాత కంప్యూటరు, సెల్‌ఫోను వచ్చి పాత ఆటలను మరల నాడించుటకు వీలు కల్పించినవి.

కర్తృత్వవిచారము

ఇఁక ముఖ్యవిషయము. కారకప్రకరణమున పాణిని స్వతంత్రుఁడై క్రియను నడపువానిని కర్త యనెను. అట్టి కర్తను పనికిఁ బురికొల్పువాఁడు హేతువు, ప్రయోజకకర్త యని వ్యవహరింపఁబడును. పురికొల్పఁబడినవాఁడు ప్రయోజ్యకర్త. ‘దేవదత్తుఁడు వండుచున్నాఁడు’ అనునది శుద్ధక్రియ. ‘యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచేత వండించుచున్నాఁడు’ అనునది ప్రేరణక్రియ. తెలుఁగున ‘ఇంచు’ చేరుటవలన నీ యర్థము స్ఫురించును. ఇది చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన బాలున కెల్ల విదితము.

సినిమాలో ‘అల్లావుద్దీను దుమికెను’. ప్రేక్షకుఁడు చూచువాఁడు మాత్రమే. అతఁడు కన్నులు మూసికొన్నను నాయకుఁడు దుముకక మానఁడు. ఆటలో నట్లు కాదు. మీట నొక్కనిచో నాయకుఁడు నిలిచిన చోటనే నిలుచును. కావున నచటి వాక్యము ‘బాలుఁ డల్లావుద్దీనును దుమికించెను’ అనియే. బాలుఁడు ప్రయోజకుఁడు, అల్లావుద్దీను ప్రయోజ్యుఁడు. ఆట మొదటినుండి చివరివఱకు శుద్ధక్రియ యొక్కటియు నాయకునికి లేదు. నడపుట, ఎక్కించుట, విసరించుట, కొట్టించుట, అన్నియుఁ బ్రేరణములే.

వ్యాకరణశాస్త్ర మింకొక సూక్ష్మమును జెప్పినది. గమనము, జ్ఞానము మొదలగు కొన్ని యర్థములుగల ధాతువులకుఁ బ్రేరణమున ప్రయోజ్యకర్త కర్మ యగును. తక్కిన ధాతువులకుఁ గర్తగానే నిలిచి తృతీయావిభక్తిని బొందును. తెలుఁగునను ఇంచుమించుగా నదే మర్యాద: ‘పిల్లవానిని నడిపించు’ అందుము, ‘పిల్లవానిచేతఁ గొట్టించు’ అందుము. ఈ భేదము ఆటలో నక్షరాలఁ గనఁబడును. నడకలోను, దుముకులోను నాయకుఁడు కర్మ. బండిని ద్రోలినట్లు బాలుఁ డతనిని ద్రోలును. కత్తి త్రిప్పునపుడు, పండు విసరునపుడు నాయకుఁడు తృతీయలోని కర్త; మీట నొక్కుట బాలునిదైనను, త్రిప్పు తీరు, చేతివిసురు, ముఖవికారము చిత్రకారు లతనికిచ్చిన సొంత సొమ్ము. ఒకే బొమ్మ యొకప్పుడు వస్తువుగను, ఒకప్పుడు మనుష్యుఁడుగను దోఁచుటకుఁ గారణ మిదియే.

అయినను ఆడువారి వాక్యములలో నీ ప్రేరణార్థకము వినఁబడదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లల నోట వినఁబడునది ‘నేను దుంకిన’, ‘నేను సచ్చిన’, ‘నాకింక రెండు లైఫు లున్నయి’ అనియే. దుమికితినను నుత్తమపురుషక్రియకు ఈ ప్రాంతపు వాడుక ‘దుంకిన’. ‘అల్లావుద్దీను చచ్చెను’ అని యెవ్వరు నన్నట్లు లేదు. హరిశ్చంద్రనాటకము చూచి కన్నీరు పెట్టినవాఁడు సైతము ‘నేను కాటికాపరి నైతిని’ అనఁడు. అచట సాధారణీకరణముచేత శోకము ప్రేక్షకునిదైనను, క్రియ నాయకునిదే, పురుషము ప్రథమయే. ఆటలో మాత్రము ప్రయోజకుఁడు ప్రయోజ్యుని మ్రింగివేసి యుత్తమపురుషమున నిలుచును. ఆట కథకుఁ జేసిన పెద్ద మార్పు ఇదియే. సుఖదుఃఖములను బంచుకొనుట కావ్యమునకుఁ జేతనైనది. పనిని బంచుకొనుట ఆటకుఁ జేతనైనది.

ప్రతినాయకవధ – మూఁడు పాఠములు

ఈ లాభమునకుఁ జెల్లింపఁబడిన వెల యెంతయో కథాంతమునఁ దెలియును. దుష్టమాంత్రికుని వధ మూఁడు రూపములలో మూఁడు విధములుగా నున్నది.

గలాఁ కథలో మాంత్రికుఁడు దీపము నపహరించి, రాజకుమారితోఁ గూడ భవనమును ఆఫ్రికాకుఁ గొనిపోవును. అల్లావుద్దీ నచటికిఁ బోయి యుపాయము చెప్పఁగా, రాజకుమారి ప్రేమ నటించి మాంత్రికునకు విషము గలిపిన మద్యము నిచ్చును. ఇచటి సాధనము స్త్రీయొక్క ధైర్యమును, నటనయును.

సినిమాలో జాఫరను మంత్రి దీపమును గైకొని సర్వశక్తుఁడై మహాసర్పరూపము దాల్చును. అల్లావుద్దీను బలముతో గెలువలేఁడు. దీపభూతమునకు నీకంటె బలము హెచ్చని వానిని రెచ్చఁగొట్టును. జాఫరు గర్వాంధుఁడై తానును భూతము కావలెనని కోరును. భూతమైనవాఁడు దీపమునకు బద్ధుఁడు గావలసినదే కాఁబట్టి తన కోరికచేతనే తాను బందీ యగును. ఇచటి సాధనము నాయకుని వాక్కును, ప్రతినాయకుని దురాశయును. వీథిబాలుఁడు మాటనేర్పుతో బ్రదుకుట మొదట చూపి, ఆ నేర్పుతోనే కడపట లోకమును రక్షించుట చూపిన కథ కనుక నిది కథకుఁ బ్రాణము.

ఆటలోనో? కడపటి లెవలులో నాయకుఁడు జాఫరుపై ఆపిలుపండ్లు రువ్వును. జాఫరు సర్పమగును. మంటలను దప్పించుకొనుచు మరలఁ బండ్లు రువ్వును. తగినన్ని దెబ్బలు తగిలిన జాఫరు నశించును. క్యాప్‌కామ్ పాఠములో సర్పముతలపై దుముకుట సాధనము. లోకమోహనమగు నుపాయమున కిచటఁ జోటు లేదు. కారణము నిర్మాతల యజ్ఞానము కాదు. రిమోట్‌పై దుముకుటకు మీట కలదు, విసరుటకు మీట కలదు. వంచనకు మీట లేదు. ఉపాయము నొక మీటకు గట్టినచో నది యుపాయము కాకపోవును; ఒక్కమాఱు తెలిసిన వెనుక నది దుముకుటవంటి యలవాటు మాత్రమే యగును. బుద్ధి ప్రేరణార్థకమునకు లొంగలేదు.

ఇట్లే సినిమాలోని ధర్మసూక్ష్మములును జాఱినవి. అల్లావుద్దీను రాజకుమారుఁడనని బొంకుట, ఆ బొంకునకుఁ బశ్చాత్తాపపడుట, మూఁడవ కోరికను దనకై యుంచుకొనక భూతమునకు స్వాతంత్ర్య మొసఁగుట యను మూఁటిలో నొకటియు ఆడువాని చేతిలోని పని కాదు. రాజకుమారి జాస్మిను పాత్ర మిక్కిలి సన్నగిల్లెను. తద్విరుద్ధముగా సినిమాలోఁ గొన్ని నిమిషములపాటు జరుగు పనులు ఆటలో విరివిఁబొందినవి. అద్భుతగుహనుండి పరుగెత్తుట, నిప్పుటేఱుపై ఎగురు తివాసీ నెక్కి తప్పించుకొనుట ప్రత్యేకమగు లెవళ్లు. దీపము లోపలి భాగము సైతము విశాలమగు లెవలై, భూతము పాటలోని చిత్రవిన్యాసములు అరుగులుగా మాఱెను. రసదృష్టితోఁ జెప్పవలెనన్న, శృంగారము తగ్గి వీరాద్భుతములు పెరిగెను. హాస్యము మాత్రము చిత్రకారులవలన సురక్షితముగా నిలిచెను.

దేవతానాయకుఁడైనచో

తెలుఁగునేలపై నీ ప్రశ్న యింకను దీక్ష్ణరూపమున వచ్చినది. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ సంస్థ నిర్మింపఁగా సోనీ సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకు ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను వెలువరించెను. ఆ యంత్రమునకు భారతదేశముననే సంపూర్ణముగాఁ దయారైన తొలి ఆటగా నది ప్రసిద్ధిఁ గాంచినది. అమెరికాలోని హిందూనాయకుఁడగు రాజన్ జెడ్ దాని కాక్షేపణ తెలిపెను. దేవుని భక్తుఁడు పూజింపవలెనే గాని, జాయ్‌స్టిక్‌తోఁ ద్రిప్పి తన యిచ్చవచ్చినట్లాడింపరాదని యాయన వాదము.

వ్యాకరణదృష్టితోఁ జూచిన నీ యాక్షేపణ ప్రేరణార్థకమును గూర్చినదే: భక్తుఁడు దేవునికిఁ బ్రయోజకకర్త కావచ్చునా? కావచ్చుననుటకుఁ దోలుబొమ్మలాటలు సాక్ష్యము. ఆ ఆటలో హనుమంతుని చేతులు, తోఁక, నడక యన్నియు బొమ్మలాటవాని వ్రేళ్ల కొనలందే యుండును. తరతరములుగాఁ జూచిన జనులు దాని నపచారమనలేదు సరికదా, వానలకై, శుభములకై యాడించిరి. అయినచో రాజన్ జెడ్ వాదము నిర్మూలమా? కాదు. ఒక భేదము కలదు. బొమ్మలాటవాఁ డాడించు హనుమంతుఁడు ప్రతిరాత్రియు సముద్రమును దాఁటితీరును. కథ యాతని చేతికంటె గొప్పది. వీడియో గేమ్‌లో నట్లు కాదు. బాలుని వ్రేలు తడఁబడినచో హనుమంతుఁడు గుంటలోఁ బడును, లైఫు పోవును. ఓడుట కవకాశము లేనిచో నది ఆటయే కాదు. కాఁబట్టి నొప్పి కలిగించునది దేవుని గదలించుట కాదు, దేవు నోడించుట.

ఆ ఆట పేరులో బాలుఁడని యుండుట యీ దృష్టితో గమనింపఁదగినది. సముద్రలంఘనము చేసిన హనుమంతునికి విఫలత లేదు. సూర్యుని పండని భ్రమించి యెగిరి, వజ్రాయుధపు దెబ్బకు హనువు విఱిగి క్రిందఁ బడినవాఁడు బాలాంజనేయుఁడు. దుముకుటయు, పడుటయు, మరల లేచుటయు నాతని కథలోనే కలవు. ప్లాట్‌ఫార్మ్ గేమ్‌కుఁ దగిన నాయకుఁడు పడఁదగినవాఁడు కావలెను. వీథిబాలుఁడగు నల్లావుద్దీను దీనికిఁ దగినవాఁడు గనుకనే యా ఆట యంత రాణించినది.

పాఠరక్షణము

పరిశోధకమండలులకు ముఖ్యమగు మాట యొకటి కలదు. క్యాసెట్టులో నున్నది ఆటయొక్క తుదిరూపము మాత్రమే. దాని నిర్మాతలు వ్రాసికొన్న మూలప్రతి, అనఁగా సోర్స్ కోడ్, వేఱు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు అల్లావుద్దీను ఆట మూలప్రతిని పరిశీలించి 2017లో దానిపై విపులమగు పరిశోధనము వెలువరించిరి. విడుదలైన ఆటలోఁ గనఁబడక విడిచిపెట్టఁబడిన భాగములు అందు బయల్పడినవి. తాళపత్రప్రతిలోఁ గొట్టివేయఁబడిన పద్యములను బరిష్కర్త చదువుటవంటి పని యిది. 2019లో ఆ ఆట నేఁటి యంత్రములకుఁ దగినట్లు మరలఁ బ్రకటింపఁబడెను.

అన్ని ఆటలకు నిట్టి యదృష్టము లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో నూటికి 87 నేఁడు అంగడిలో దొరకుట లేదని యా సంస్థయే 2023లోఁ బ్రకటించినది.  హైదరాబాదు నిర్మాతల తొలి ఆటల మూలప్రతులు, వాని కథారచనలు, బొమ్మల చిత్తుప్రతులు భద్రపఱుచుట తెలుఁగువారి వంతు. అవి కథాపరివర్తనచరిత్రకు సాధనములు. పోయిన వెనుక వ్యాఖ్యానము వ్రాయుటకు మూలమే యుండదు.

ఉపసంహారము

పై విచారమువలనఁ దేలిన నియమమును మల్లారెడ్డి యాఱుగురు చక్రవర్తులపైఁ బరీక్షింపవచ్చును. హరిశ్చంద్రుఁడు, నలుఁడు, పురుకుత్సుఁడు, పురూరవుఁడు, సగరుఁడు, కార్తవీర్యుఁడు వీరు. కార్తవీర్యునకు వేయి చేతులు, పోరాటము పుష్కలము, అతని కథ నేఁడే ఆట కాఁగలదు. సగరపుత్రులు గుఱ్ఱమును వెదకుచు భూమిని ద్రవ్వుట లెవలు లెవలుగా సాఁగఁదగినది. నలుని కథలో ద్యూతమే కథకు మలుపు గాన, అందు ఆటలో నింకొక ఆట యిమిడియున్నది. అయినను నలుఁ డోడుటయే కథకు మూలము గనుక, బాలుఁడు గెలిచినచో దమయంతి యడవికిఁ బోవుట యుండదు, కథయు నుండదు. హరిశ్చంద్రునికడకు వచ్చునప్పటికి మీట లన్నియు నిలిచిపోవును. అతని వీరత్వము చేయుటలో లేదు, చేయననుటలో నున్నది. ఒక్క యబద్ధమాడిన రాజ్యము వచ్చును, ఆడఁడు. మీట నొక్కకుండుటయే గెలుపైన ఆటను దుముకు నరుగులతోఁ గట్టలేము.

అందుచేఁ దేలిన దేమన, ఆట కథకు శత్రువు కాదు, ప్రతినిధియుఁ గాదు. అది కథలోని యొక్క భాగమును, చేతితోఁ జేయింపఁదగినదానిని, గ్రహించి ‘నేను’ అను మాటతో బాలుని కిచ్చును. ధైర్యముతో దుముకుట, పడి మరల లేచుట, అభ్యాసముతో జయించుట బాలుఁ డచట నేర్చును. అవి యల్పములు కావు. మాటనేర్పు, బొంకినందులకుఁ బశ్చాత్తాపము, చేజిక్కిన కోరికను బరులకై విడుచుట యచట దొరకవు. అవి దొరకవలెనన్న సినిమాకో, పుస్తకమునకో, ఇంటిలోఁ గథ చెప్పు పెద్దలకో మరలవలసినదే. కామారెడ్డి పిల్లవాఁడు జాఫరుపై ఆపిలుపండ్లు రువ్వి గెలిచిన దినమున, ‘సినిమాలో వాఁ డెట్లు చిక్కెనో యెఱుఁగుదువా’ యని యింటివా రొక్కరడిగిన, ఆటలో జాఱిన భాగము మరల వానికిఁ జేరును.

క్రొత్తగాఁ దెలుఁగు ఆటలను గల్పించువారును ఈ భేదమును దలఁచుకొనుట మేలు. పురాణనాయకుని కత్తియు, గదయు మీటలకెక్కించుట సులభము. అతని వివేకమును గూడ ఆడువాని కర్తృత్వములోనికిఁ దెచ్చుమార్గమును గనిపెట్టిననాఁడు, బాలుఁడు ‘నేను దుంకిన’ అనుటతో నాగక ‘నేను మాటతప్పలే’ అనియు ననఁగలుగును. అట్టి ఆటకుఁ దగిన కథలు ఈ ప్రాంతపు కవిరాజు కూర్చిన షట్చక్రవర్తి చరిత్రములోనే యున్నవి.